ఇంజన్ మూత కింద ఇప్పపువ్వు

నా మీద రావలసిన ఫిర్యాదు ఒకటి ఉంది. అది ఇవ్వవలసిన మనిషికి ఆ సంగతి తెలియదు. తెలియకుండా చేసింది నేనే. కరోనాకు ముందటి వేసవి నుంచి దాన్ని ఒక్కణ్ణే మోస్తున్నాను. అన్నం ముందు కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. వీధిలో ఎవరి బండో ఒక పట్టాన స్టార్ట్ కాక మొరాయిస్తుంటే లేచి లోపలి గదిలోకి వెళ్లిపోతాను. ఎందుకు వెళ్తున్నావని ఇంట్లో ఎవరూ అడగరు. అడిగితే బాగుండునని కొన్నిసార్లు అనిపిస్తుంది. అడిగితే చెబుతానా? చెప్పను. అదీ నాకు తెలుసు.

మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందువల్లే ఈమాత్రం రాయగలుగుతున్నాను.

నా స్వభావం ముందు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నేను మరిచిపోను. మంచి చేసినవాళ్లను మరిచిపోయి ఉంటానేమో కానీ, చిన్నచూపు చూసినవాళ్లలో ఒక్కరినీ మరిచిపోలేదు. సత్తుపల్లి బొగ్గు గనిలో హాజరు చూసే గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. వీడ్కోలు సభలో నాకంటే చిన్న ఉద్యోగికి ముందు దండ వేశారు. వేసిన చేతులు ఎవరివో ఇప్పటికీ చెప్పగలను. మా తోడల్లుడి గృహప్రవేశంలో నన్ను మొదటి బంతికి పిలవలేదు. వీధి దీపం వెలగకపోయినా, గ్యాసు బండ ఆలస్యమైనా, బస్సు ఆపవలసిన చోట ఆపకపోయినా అర్జీ రాసేవాణ్ణి. జవాబు రాకపోతే ఇంకొకటి. నా వెనక ఏమనుకునేవారో తెలుసు. నేను అడుగుతున్నది న్యాయమేనని నా నమ్మకం. చాలాసార్లు న్యాయం నా వైపే ఉండేది కూడా. నన్ను చెడగొట్టింది అదేనేమో. ఎప్పుడూ నాదే నిజమవుతూ వచ్చాక, ఈసారి కాదేమో అని ఆగి చూసుకునే అలవాటు పోయింది.

ఇక బండి సంగతి. నా భార్యకు వెన్నెముక ఆపరేషన్ అయింది. బస్సులో గానీ కారులో గానీ ఎక్కువసేపు కూర్చోలేదు, పడుకోవాలి. ఆమెకేమో తిరగడమంటే ఇష్టం. పెళ్లయినప్పటి నుంచి భద్రాచలం పోదాం, పర్ణశాల పోదాం, గోదారి ఒడ్డున వండుకుని తిందాం అని అడుగుతూనే ఉంది. సెలవు దొరకదని నేను అంటూనే ఉన్నాను. రిటైరయ్యాక వేలంలో ఒక పాత డీజిల్ వ్యాను దొరికింది. ఒకప్పుడు అడవి ఊళ్లకు మందులు మోసిన బండి. అందులో మంచం బిగించి పరుపు వేయించాను. ఒక మూల గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, కిటికీలకు పరదాలు. మా వీధివాళ్లు దాన్ని ఇల్లుబండి అనేవారు. ఆమె వెనక మంచం మీద పడుకుని, పరదా తొలగించి, దమ్మపేట దాటాక దట్టమయ్యే చెట్లను చూస్తూ వచ్చేది. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేవాణ్ణి. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమెకు నేను ఇచ్చిన సంతోషం అదొక్కటే అంటే అబద్ధం కాదు.

కానీ పాత బండి పాత బండే. చలికాలం పొద్దున్నే సెల్ఫ్ కొడితే మూలుగుతూ తిరిగేది. సెల్ఫ్ అంటే మీకు తెలుసు కదా, తాళం తిప్పగానే ఇంజన్‌ను కదిలించే చిన్న మోటారు. అది బలహీనపడింది. దారిలో మూడో గేరులో ఏదో చప్పుడు వస్తున్నట్టు కూడా నాకు అనుమానం.

సత్తుపల్లి దాటాక రోడ్డు పక్కన ఒక పెట్రోలు బంకు ఉంది. బంకు స్థలంలోనే ఒక రేకుల షెడ్డు, అందులో ఒక మెకానిక్. అసలు పేరు రాయను, యాకయ్య అనుకోండి. మెకానిక్‌గా గొప్పవాడేమీ కాదు. చెప్పిన రోజుకు బండి ఇచ్చేవాడు కాదు. ఒకోసారి ఏదో నట్టు బిగించడం మరిచి, వెనక నుంచి కేకేసి ఆపి బిగించేవాడు. నోరు మాత్రం ఆగదు. షెడ్డు పక్కన టీ బండి, అక్కడ ఎప్పుడూ నలుగురు లారీ డ్రైవర్లు. వాళ్లను నవ్వించకుండా ఒక్క స్పానరు కూడా తిప్పలేడు.

చప్పుడు సంగతి చెప్పడానికి మొదటిసారి బండి తీసుకెళ్లాను. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద కొంత దూరం తోలాడు. చప్పుడు రాలేదు. వస్తుంది అన్నాను. మళ్లీ తోలాడు. రాలేదు. నన్ను దిగమని తానొక్కడే ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. వెనక మంచం మీద నా భార్య ఉంది. బండి ఆపి దిగి, టీ తాగుతున్నవాళ్లందరూ వినేలా అన్నాడు:

"సప్పుడేం లేదు సారూ. మీరు దిగినంక మంచిగనే పోతాంది."

అందరూ నవ్వారు. ఒకతనికి టీ పొలమారింది. అందరికంటే స్పష్టంగా నాకు వినిపించింది పరదా వెనక నుంచి నా భార్య నవ్వు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ మాటను లోపల ఎక్కడ పెట్టుకోవాలో అక్కడ పెట్టుకున్నాను.

మీరు అనవచ్చు, అది చిన్న మాట కదా అని. చిన్న మాటే. నాకు పెద్ద మాటలు గుర్తుండవు.

ఆ తర్వాత కూడా అతని దగ్గరికే వెళ్లాను, దగ్గరలో వేరే ఎవరూ లేరు కాబట్టి. సెల్ఫ్ విప్పి, లోపల మోటారుకు కరెంటు అందించే, అరిగిపోయిన కార్బన్లు మార్చి, మళ్లీ బిగిస్తానన్నాడు. బండి అతనికి అప్పగించే ముందు నేనొక పని చేశాను. ఆ వ్యానుకు ఇంజన్ ముందు సీట్ల మధ్యనే, ఒక రేకు మూత కింద ఉంటుంది. మూత ఎత్తి, సెల్ఫ్ మోటారు మీద కింది వైపు, మా మనవరాలు వదిలిపోయిన ఎర్ర నెయిల్ పాలిష్‌తో చిన్న గీత గీశాను. మంచి సామాను తీసేసి పాతది పెడతారని నా భయం. మిక్సీ రిపేరుకిచ్చినా గీసేవాణ్ణి, ఫ్యాను ఇచ్చినా గీసేవాణ్ణి. ఆ గీత సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక గుర్తు ఎందుకు?

యాకయ్య పని చేసి ఇచ్చాడు. తాళం తిప్పీ తిప్పగానే ఇంజన్ అందుకునేది. బాగుందని అతనికి ఒక్క మాట కూడా చెప్పలేదు.

వేసవి మొదలైంది. ములకలపల్లి నుంచి అటు పైకి అడవి రోడ్డు పొడవునా ఇప్పపువ్వు రాలే కాలం. తెల్లారకముందే ఏరుకొచ్చిన పువ్వును కోయ ఆడవాళ్లు సంతలో కుప్పలు పోసి అమ్ముతారు. నడుముకు మంచిదని ఎవరో చెబితే నా భార్య ఒక గంపెడు తీసుకుంది. ఉడకబెట్టి, నువ్వులూ బెల్లమూ దంచి ఉండలు కడతానంది. పువ్వు ఇంకా పచ్చిగా ఉంది. మూట కడితే బూజు పడుతుంది, ఎండబెట్టాలి. అడవిలోవాళ్లయితే వాకిలి అలికి ఆరబోస్తారు. మేము బండిలో ఉన్నాం. నాకొక ఉపాయం తోచింది. ఇంజన్ మూత ఎప్పుడూ వేడిగా ఉంటుంది కదా, దాని మీద తువ్వాలు పరిచి పువ్వు పోశాను. ఇల్లు చేరేసరికి సగం వాడి, బంకబంకగా, ఎండుద్రాక్షలా అయింది.

"బండంతా సారా కొట్టు వాసనొస్తోందండీ. పోలీసులు ఆపితే మీరే మాట్లాడుకోండి" అంది నా భార్య.

నేను పొంగిపోయాను. ఆ ఉపాయాన్ని వీధిలో అందరికీ చెప్పాను. ఆ వేసవిలో ఎప్పుడు అటు వెళ్లినా పువ్వు కొనేవాళ్లం, మూత మీద ఆరబోసేవాణ్ణి. మూత అంచున ఉండవలసిన రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. గుంతలో పడినప్పుడల్లా కొన్ని పువ్వులు అంచు నుంచి లోపలికి జారేవి. జారితే జారాయి అనుకున్నాను. పువ్వే కదా. మా ఇంటి పక్కన వడ్ల బస్తాలు పెట్టే కొట్టం ఉంది, ఆ గోడ వారనే బండి నిలిపేవాణ్ణి. కొట్టం నిండా ఎలుకలు. ఇవన్నీ నాకు తెలిసిన సంగతులే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు.

కొన్నాళ్లకు బండి మారింది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజన్ కటకటలాడుతూ తెల్ల పొగ కక్కేది, వేడెక్కాక సర్దుకునేది. పరిగెత్తుతుంటే ఉండి ఉండి చర్రుమని ఏదో రాసుకుంటున్న చప్పుడు. ఒక రోజు తాళం తిప్పితే టిక్ మని ఊరుకుంది. మళ్లీ తిప్పితే స్టార్ట్ అయింది. మర్నాడు బాగానే ఉంది. ఆ మర్నాడు మళ్లీ టిక్.

ఒక మిట్టమధ్యాహ్నం భద్రాచలం నుంచి తిరిగి వస్తూ అడవిలో నీళ్లు తాగడానికి ఆపాను. అంతే, మళ్లీ కదలలేదు. ఎన్నిసార్లు తిప్పినా టిక్, టిక్. రేకు వ్యాను, ఎండ. లోపల మంచం మీద ఆమె పడుకోలేకపోయింది. దింపి చెట్టు నీడన దుప్పటి పరిచి పడుకోబెట్టాను. రాళ్లు గుచ్చుకుని ఆమె పళ్లు బిగబట్టడం చూశాను. చాలాసేపటికి ఒక వెదురు లారీ వచ్చింది. హమాలీలు దిగి బండిని నెట్టారు. నెడుతూ ఒకడు అన్నాడు, "ఇల్లయితే కట్టినవ్ గని తాతా, తలుపు తెరుసుకుంటలేదేంది."

బండి అందుకుంది. స్టీరింగు పట్టుకున్న నాకు అడవి కనిపించలేదు, రోడ్డు కనిపించలేదు. యాకయ్య మొహం కనిపించింది. నా సెల్ఫ్ తీసేసి తుక్కుది పెట్టాడు. కొత్త కార్బన్లు అని చెప్పి పాతవి వేశాడు. ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. టీ బండి దగ్గర అతనన్న ఆ మాట బయటికి రావడానికి ఒక దారి కోసం ఎన్నాళ్లుగానో లోపల చూస్తోందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అది నాకు కళ్లకు కట్టిన నిజం.

బండిని యాకయ్య దగ్గరికి తీసుకెళ్లలేదు. నేరుగా బంకు ఓనరు దగ్గరికి వెళ్లాను. బంకుకు వచ్చే బండ్లలో సామాను మారుస్తున్నారని, ఆ పేరు మీకే వస్తుందని చెప్పాను. టీ బండి దగ్గర చెప్పాను. మా వీధిలో చెప్పాను. నేను చెప్పడం మొదలుపెడితే ఆగను, అది అందరికీ తెలిసిందే. ఓనరు నెమ్మదస్తుడు. యాకయ్యను పిలిపించాడు.

"కొత్తయే ఏసిన సారూ," అన్నాడు యాకయ్య. అప్పటికి ఇంకా నవ్వు మొహమే. "ఒక్కసారి బండి తెచ్చి నా ముంగట వెట్టుర్రి. మీ ముంగటనే విప్పి జూపెడత. నాది తప్పుంటే నేనే ఎల్లిపోత."

"మళ్లీ నీ చేతికిచ్చి, ఉన్నది కూడా పోగొట్టుకోవాలా?" అన్నాను.

ఓనరు మధ్యలో కలగజేసుకున్నాడు. ఆదివారం పొద్దున బండి తెమ్మన్నాడు. తన ముందే విప్పించి, తప్పెవరిదో తేలుద్దామన్నాడు. ఒప్పుకుని వచ్చాను.

శనివారం మధ్యాహ్నం నేను ఆ మూత ఎత్తింది సాక్ష్యం కోసం. గీత లేని సెల్ఫ్‌ను ఫోనులో ఫోటో తీసి పెట్టుకుంటే, ఆదివారం అతను ఎన్ని మాటలు చెప్పినా చెల్లవు. ఇల్లు సద్దుమణిగింది, నా భార్య నిద్రపోతోంది. కళ్లజోడు పెట్టుకుని, టార్చి పట్టుకుని వంగాను.

ముందు వాసన వచ్చింది. తియ్యటి, పులిసిన వాసన. తర్వాత కనిపించింది గూడు. మా తువ్వాలు పేలికలు, ఎండు గడ్డి, వాటి మధ్య నల్లగా అంటుకుపోయిన ఇప్పపువ్వు దోసిళ్లకొద్దీ. కళ్లు తెరవని ఎలుక పిల్లలు గులాబీ రంగులో కదులుతున్నాయి. సెల్ఫ్‌కు పోయే సన్న వైరు కొరికేసి ఉంది, ఒకటి రెండు పోగుల మీద వేలాడుతోంది. బండి కుదుపుకు ఆ పోగులు ఒకసారి తగులుతాయి, ఒకసారి తగలవు. ఒక రోజు స్టార్ట్ కావడం, ఒక రోజు టిక్ మనడం అందుకే. చల్లని ఇంజన్‌ను వేడి చేసే హీటర్ ప్లగ్గుల వైరు పూర్తిగా తెగింది. పొద్దున్నే కటకటా, తెల్ల పొగా దానివి. గూటిలోంచి ఒక పొడవాటి పేలిక ఫ్యాను బెల్టు దాకా వేలాడుతోంది. చర్రుమనే చప్పుడు దానిది.

టార్చి కాస్త కిందికి దించాను. సెల్ఫ్ మోటారు. దాని అడుగున ఎర్ర గీత. నేను గీసిన వంకర గీతే.

మూత మూసేశాను. బండిలోనే ఎంతసేపో కూర్చున్నాను. ఇది నిజంగా జరిగింది: మూత మూసి మళ్లీ ఎత్తితే వేరేలా ఉంటుందేమో అన్నట్టు మళ్లీ ఎత్తి చూశాను. అలాగే ఉంది.

అప్పుడు నాకు ఒక దారి ఉంది. చాలా సులువైన దారి. బండిని ఉన్నదున్నట్టు తీసుకెళ్లి, మూత ఎత్తి, పొరపాటు నాది అనడం. యాకయ్య నవ్వుతాడు. ఏదో ఒకటి అంటాడు. టీ బండి దగ్గరవాళ్లు నవ్వుతారు. సారు ఇంజన్ మీద ఇప్పపువ్వు ఆరబోసిండట, ఎలుకలకు విందు పెట్టిండట అని లారీలతో పాటు ఆ మాట ఛత్తీస్‌గఢ్ దాకా పోతుంది. కొన్నాళ్లు పోతుంది. తర్వాత ఆగిపోతుంది. అంతకంటే ఏమవుతుంది? ఈ లెక్క ఇప్పుడు ఎంత తేలిగ్గా వేస్తున్నాను. ఆ మధ్యాహ్నం నాకు వినిపించింది ఆ నవ్వొక్కటే. ఇంకేమీ వినిపించలేదు. మనిషి ఒక్కొక్కసారి ఎంత తక్కువ వినగలడో నాకు తెలుసు.

గూడు తీశాను. పిల్లల్ని పేలికలతో సహా తీసుకెళ్లి కొట్టం వెనక కంచెలో పెట్టాను. ఎందుకో వాటిని చంపబుద్ధి కాలేదు. వైర్ల కొనలు గీకి, మెలిపెట్టి, టేపు చుట్టాను. నాకా పని రాదు, అయినా కుదిరింది. తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. ఒక్క చప్పుడు లేదు. యాకయ్య చేసిన పని అంత బాగుంది.

ఆ తర్వాత థిన్నరులో గుడ్డ ముంచి ఎర్ర గీతను తుడిచేశాను. ఈ ఒక్కదాని గురించి ఎక్కువగా ఆలోచిస్తుంటాను. ఆ గీత ఉన్నట్టు లోకంలో ఎవరికీ తెలియదు. దాన్ని చూసి నన్ను పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. మరి ఎవరి నుంచి దాచాను?

ఆదివారం బండి తీసుకెళ్లలేదు. స్కూటరు మీద వెళ్లాను. ఖమ్మంలో ఒక పెద్ద షెడ్డులో చూపించానని, సెల్ఫ్‌లో పాత కార్బన్లు వేసి ఉన్నాయని అక్కడివాళ్లు చెప్పారని, కొత్త సెల్ఫ్ వేయించాక బండి బ్రహ్మాండంగా ఉందని చెప్పాను. ఒక్కచోట కూడా తడబడలేదు. ఇన్నేళ్ల ఫిర్యాదుల అనుభవం.

యాకయ్య మొహంలో నవ్వు పోయింది.

"కొత్తయే ఏసిన," అన్నాడు. మళ్లీ ఎవరితోనో అన్నట్టు, "దుకాణపోడు గిట్ల పాతయి ఇచ్చిండో ఏమో," అన్నాడు.

చూడండి, తలుపు అతనే తెరిచాడు. కావచ్చు, దుకాణంవాడే మోసం చేసి ఉండొచ్చు అని ఉంటే చాలు. నా అబద్ధం నాకు మిగిలేది, అతని షెడ్డు అతనికి మిగిలేది. నేను ఏమన్నానో తెలుసా? "అది చూసుకోవలసింది నువ్వే కదా" అన్నాను.

ఓనరు ఇక విప్పించి చూసేదేముందన్నాడు. కొన్నాళ్లకు యాకయ్యతో షెడ్డు ఖాళీ చేయించాడు. ఆ రేకులు కూడా విప్పేశారు. నేను డీజిలుకూ పెట్రోలుకూ వేరే బంకుకు వెళ్లడం మొదలుపెట్టాను.

"యాకయ్య లేడటగా?" అని అడిగింది నా భార్య ఒక రోజు.

"ఎటో పోయాడట" అన్నాను.

కాసేపటికి, "బండిలో తువ్వాలు సగమే ఉందేం?" అంది. చిరిగింది అన్నాను. నా వైపు చూసింది. ఆ తర్వాత ఎప్పుడు బయల్దేరదామన్నా నడుము బాగాలేదనేది. ఆమెకు తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. లాక్‌డౌన్ వచ్చింది, బండి నిలిచిపోయి టైర్లు కుంగాయి. చివరికి అమ్మేశాను.

అంతటితో అయిపోతే, బతుకుతెరువు కోసం ఎక్కడో మరో షెడ్డు పెట్టుకుని ఉంటాడులే అని సర్దిచెప్పుకునేవాణ్ణి. చాలాకాలం అలాగే సర్దిచెప్పుకున్నాను. తర్వాత ఒక లారీ డ్రైవరు చెప్పాడు, భద్రాచలం అవతల చర్ల రోడ్డులో యాకయ్య కనిపిస్తున్నాడని. ఏదో ఒకటి తేల్చుకోవాలని బస్సెక్కాను. భద్రాచలంలో దిగి ఆటో మాట్లాడుకున్నాను. దారంతా ఒక్క వాక్యం పాఠంలా వల్లె వేసుకున్నాను. అంతా నాదే తప్పు యాకయ్యా, సెల్ఫ్ నీ సెల్ఫే.

రోడ్డు పక్కన తాటాకు పందిరి. గాలి కొట్టే మిషను, పాత టైర్లు, తొట్టిలో నీళ్లు. సైకిలు ట్యూబును నీళ్లలో ముంచి చూస్తున్నాడు. జుట్టు నెరిసింది. నన్ను చూడగానే గుర్తుపట్టాడు.

"సారూ, మీరా. కూసోరి," అంటూ స్టూలు తుడిచి వేశాడు. "దర్శనానికొచ్చిర్రా? అమ్మకు నడుం ఎట్లున్నది?"

"బాగానే ఉంది," అన్నాను. "ఇదేంటి, ఇంజన్ పని చేయడం లేదా?"

"బంద్ జేసిన సారు."

"ఎందుకు?"

"చెవి ఖరాబైంది."

"వినపడటం లేదా?"

"ఇనవడుతది. ఇనవడ్డది నమ్మబుద్ధి గాదు." నవ్వాడు, అదే పాత నవ్వు. "మీ బండి కాడ్నే మొదలైంది. పని జేసినప్పుడు సెల్ఫ్ ఎంత మంచిగ తిరిగింది సారు, నా చెవులతోటి ఇన్న గద. మంచిగున్నదనే ఇచ్చిన. ఖమ్మంల ఆయనకు దొరికింది నాకు దొరకలే. గప్పటిసంది ఏ ఇంజన్ మూసినా అనుమానమే. విప్పుడు, మూసుడు, మల్ల విప్పుడు. బండోళ్లు ఊకుంటరా? ఒక్క బండి మీద మూడ్రోజులు గూసుంటున్నడని రావుడు బంద్ జేసిర్రు."

నేను తొట్టిలో నీళ్ల వైపు చూశాను.

"ట్యూబయితే మంచిది," అన్నాడు, నీళ్లలో బుడగలు వస్తున్న చోట వేలు పెడుతూ. "ఏడ పోయిందో గదే జూపెడతది. నన్ను అడుగది."

"యాకయ్యా," అన్నాను.

"చెప్పుర్రి సారు."

నోరు తెరిచాను. దారంతా వల్లె వేసిన వాక్యం నోటిదాకా వచ్చింది. రోడ్డు మీద ఒక లారీ పోయింది. దుమ్ము సర్దుకునేదాకా చూశాడు నా వైపు. "దాహమైతాందా సారు?" అని లేచి కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు. తాగాను. మాట నీళ్లతో పాటే లోపలికి పోయింది.

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. కూర్చున్నాను, టీ తెప్పిస్తే తాగాను, వచ్చేశాను. సారుకు నా మీద ప్రేమ అని పక్కవాళ్లకు చెబుతున్నాడు. ఆయన మాటకు నేను ఎదురు జెప్పిన, అయినా మనసుల వెట్టుకోలే, గంత మంచోడు అని చెబుతున్నాడు.

వెళ్లి చెప్పండి అని మీరు అంటారు. నాకు తెలుసు. చెబితే అతను క్షమిస్తాడు అని కూడా అంటారేమో. నేనైతే క్షమించను. నా షెడ్డు తీసి, నా చెవి తీసి, నా ఎదురుగా కూర్చుని నా నీళ్లు తాగి వెళ్లినవాణ్ణి చచ్చేదాకా మరిచిపోను. అతను నాలాంటివాడు కాదని తెలుసు. అయినా క్షమాపణ అనేది ఎలా ఉంటుందో ఎప్పుడూ ఎవరికీ ఇచ్చి చూడలేదు కాబట్టి, నాకు వస్తుందంటే నమ్మలేకపోతున్నాను. ఇంకొకటి కూడా ఉంది, అది ఇంతకంటే నీచమైనది. ఇంత జరిగాక కూడా, మీరు దిగినంక మంచిగనే పోతాంది అన్న మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట ఆరితే వెళ్లి చెప్పగలనేమో. అది ఆరడం నా చేతిలో లేదు. ఏది నా చేతిలో ఉందో కూడా తెలియడం లేదు.

అతనికి చెప్పవలసింది ఇంతే. యాకయ్యా, ఖమ్మంలో నేను ఏ షెడ్డుకూ పోలేదు. సెల్ఫ్ నువ్వు బిగించినదే. కార్బన్లు కొత్తవే, మంచివే. వైర్లు కొరికినవి ఎలుకలు, వాటికి పువ్వు పోసి పిలిచింది నేను. అది నీకు చెప్పవలసిన రోజుకు ముందురోజే తెలుసుకుని, చెప్పకుండా వచ్చి నిన్ను వెళ్లగొట్టించాను. నువ్వు విన్నది సరిగ్గానే విన్నావు.

ఇది అతనికి చేరదు. అతని చేతిలోకి మళ్లీ స్పానరు రాదు. నాకు శాంతి దొరికిందని కూడా చెప్పను. ఈ మాటలు ఇన్నాళ్లూ నా లోపలే తిరిగాయి, ఇప్పుడు మొదటిసారి నా బయట ఉన్నాయి. మళ్లీ చదివి చూశాను. కొట్టివేయలేదు.